ఫెరిటిన్ 612, లివర్‌లో కొవ్వు: ఒంట్లో ఐరన్ ఎక్కువైపోయిందా?

విభాగం: ఆరోగ్యం – లివర్, షుగర్, బీపీ

వాసు_మార్తహళ్లి
2025 జనవరి 18, శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. 11 ఏళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాం. నాకు 38. ఆఫీసులో ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో ఈసారి ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వని అంచనా వేసే రక్తపరీక్ష) 612 వచ్చింది. రిపోర్టులో 30 నుంచి 400 దాకా నార్మల్ అని ఉంది, నా అంకె ఒక్కటే ఎర్రగా కొట్టి ఉంది. స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు. లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 76, ఎస్‌జీఓటీ 48, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, హిమోగ్లోబిన్ 15.1, మూడు నెలల సగటు షుగర్ 6.1. బరువు 86 కిలోలు, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. మందు, సిగరెట్ అలవాటు లేదు.

చెకప్ చేసిన చోట డాక్టరు గారు రెండు నిమిషాలు చూసి "ఫ్యాటీ లివర్ అందరికీ ఉంటుంది, వాకింగ్ చేయండి" అని పంపేశారు. ఫెరిటిన్ సంగతి అడిగితే "ఐరన్ ఎక్కువుంది, ఆకుకూరలు తగ్గించండి" అన్నారు. ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే ఐరన్ లివర్‌లో పేరుకుని సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడడం) అవుతుందని రాసుంది. మా మేనమామ మందు ముట్టని మనిషి. 54 ఏళ్లకే లివర్ పాడై పోయారు. ఆయన చివరి రోజుల్లో పొట్ట ఉబ్బిపోయి పడ్డ బాధ నా కళ్ల ముందే ఉంది. వారం నుంచి నిద్ర లేదు.

ఇంట్లో ఐరన్ అనేది కనబడకుండా చేసేశాం. ఇనప పెనం, ఇనప మూకుడు అటకెక్కించాం. గోంగూర, తోటకూర బంద్. ఇంకేం చేయాలి? రక్తం తీయించుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

---

రక్తదాత_రఘు
జనవరి 18, రాత్రి 11:05

వాసు గారూ, టెన్షన్ పడకండి. రక్తదానం చేయండి. ఒకసారి 350 మిల్లీలీటర్లు ఇస్తే ఒంట్లోంచి సుమారు 170 మిల్లీగ్రాముల ఇనుము బయటికి పోతుంది. నేను 41 సార్లు ఇచ్చాను, నా ఫెరిటిన్ ఎప్పుడూ 60 దాటలేదు. మగవాళ్లు 90 రోజులకోసారి ఇవ్వొచ్చు.

---

ల్యాబ్_లక్ష్మి
జనవరి 19, ఉదయం 6:20

వాసు గారూ, నేను 14 ఏళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రోజూ చూసే సంగతి కాబట్టి చెబుతున్నా. ఫెరిటిన్ ఒక్కటే చూసి ఐరన్ ఎక్కువైందని అనేయకూడదు. మీ రిపోర్టులో సీరం ఐరన్ (రక్తంలో తిరిగే ఇనుము), టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఇనుము మోయగలదో), ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (అందులో ఎంత శాతం నిండిందో) ఉన్నాయా? లేకపోతే ఐరన్ ప్రొఫైల్ అని అడిగి చేయించండి. పొద్దున్నే పరగడుపున ఇవ్వండి. సీరం ఐరన్ రోజులో చాలా మారుతుంది, సాయంత్రం శాంపిల్ నమ్మలేం.

ఇంకో మాట. పరీక్షకి ముందు రెండు మూడు వారాల్లో జ్వరమేమైనా వచ్చిందా? ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. వానాకాలంలో ఇక్కడ డెంగ్యూ పేషెంట్లకి వేలల్లో రావడం నేనే చూశాను. వాళ్ల ఒంట్లో ఇనుము రాత్రికి రాత్రి పెరిగిపోదు కదా.

---

వాసు_మార్తహళ్లి
జనవరి 19, ఉదయం 7:02

జ్వరం ఏమీ రాలేదు లక్ష్మి గారూ. సాచురేషన్ రిపోర్టులో లేదు. రేపే చేయించుకుంటాను.

---

చిత్తూరు_హరి
జనవరి 19, ఉదయం 9:48

సాచురేషన్ తప్పకుండా చూపించుకోండి. మా అన్నకి జరిగింది చెబుతాను.

అన్నకి 46 ఏళ్లప్పుడు షుగర్ బయటపడింది. మొహం, చేతులు నల్లబడుతూ వచ్చాయి, ఎండలో తిరిగి అనుకున్నాం. చూపుడు వేలు, మధ్య వేలు మొదట్లో కణుపుల నొప్పి. బైకు క్లచ్ పట్టుకోలేకపోయేవాడు. కీళ్లవాతమని రెండేళ్లు మాత్రలు మింగాడు. చివరికి ఒక పెద్ద డాక్టరమ్మ ఐరన్ ప్రొఫైల్ రాశారు. ఫెరిటిన్ 2,900, సాచురేషన్ 84 శాతం. ఎంఆర్ఐలో లివర్ నిండా ఇనుము. అది నిజమైన హీమోక్రోమటోసిస్, అంటే జన్యువుల వల్ల ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు. యూరప్‌లో ఎక్కువగా కనిపించే జన్యు మార్పు మా అన్నలో లేదు, వేరే జన్యువు అన్నారు.

వారానికోసారి రక్తం తీశారు. ఏడాదిన్నర పట్టింది ఫెరిటిన్ 100 కిందికి రావడానికి. రంగు తేరుకుంది, నీరసం పోయింది. వేళ్ల నొప్పి మాత్రం ఉండిపోయింది. రెండేళ్లు ముందే తెలిసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ మనసులో ఉంది. తోబుట్టువులకి కూడా రావచ్చన్నారని నేను, చెల్లి చేయించుకున్నాం. మాకు లేదు.

---

వాసు_మార్తహళ్లి
జనవరి 19, ఉదయం 10:10

హరి గారూ, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. నా వేళ్లు నొక్కి చూసుకున్నాను. నొప్పి లేదు.

---

బయోకెమ్_సారు
జనవరి 19, మధ్యాహ్నం 1:15

నేను మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. ఇది నాకెంతో ఇష్టమైన పాఠం, కాస్త పొడుగైనా ఓపికగా చదవండి. ఇక్కడ భయం సగం ఫెరిటిన్ అంటే ఏంటో తెలియకే వస్తోంది.

పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము 3, 4 గ్రాములే. అందులో ఎక్కువ భాగం హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. రోజూ తిండిలోంచి పేగు తీసుకునేది 1 నుంచి 2 మిల్లీగ్రాములు. రాలిపోయే చర్మం, పేగు కణాలతో పోయేదీ అంతే. కానీ మూలుగకి కొత్త రక్తకణాలు చేయడానికి రోజుకి 20 నుంచి 25 మిల్లీగ్రాములు కావాలి. అది ఎక్కడిది? ముసలివైన ఎర్రకణాలని ప్లీహంలోనూ లివర్‌లోనూ ఉండే కణాలు మింగి, వాటిలోని ఇనుముని తిరిగి రక్తంలోకి వదులుతాయి. అసలు వ్యాపారమంతా పాత సరుకుతోనే నడుస్తుంది. ఇంకో ముఖ్యమైన విషయం: ఎక్కువైన ఇనుముని బయటికి పంపే దారి శరీరానికి లేదు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో పోతుంది, ఇనుము పోదు. అందుకే లోపలికి రానిచ్చే చోటే కట్టడి పెట్టుకుంది.

ఆ కట్టడి చేసే హార్మోను పేరు హెప్సిడిన్. 25 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. తయారయ్యేది లివర్‌లోనే. 2000–2001లో కనిపెట్టినప్పుడు దాన్ని సూక్ష్మజీవుల్ని చంపే పదార్థం అనుకున్నారు, పేరు కూడా అలా వచ్చిందే. ఇనుము లెక్క చూసేది అదేనని వెంటనే తేలింది. కణాల్లోంచి ఇనుము రక్తంలోకి వచ్చే తలుపు ఒకటే, దాని పేరు ఫెర్రోపోర్టిన్. హెప్సిడిన్ వెళ్లి ఆ తలుపుని పట్టుకుని కణం లోపలికి లాగించి పాడుచేస్తుందని 2004లో తెలిసింది.

మన ఊరి లెక్కలో చెబుతాను. కావేరి నీళ్లు వదిలే వాల్వ్‌మ్యాన్ హెప్సిడిన్. వీధి వాల్వ్ ఫెర్రోపోర్టిన్. నీళ్లు మోసే ట్యాంకర్ లారీ ట్రాన్స్‌ఫెరిన్. సాచురేషన్ అంటే లారీ ఎంత నిండి తిరుగుతోందో, మామూలుగా 20 నుంచి 45 శాతం. ఫెరిటిన్ అనేది సంపు. ఒక్క ఫెరిటిన్ అణువు లోపల 4,500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. మనం రక్తంలో కొలిచేది సంపులోని నీళ్లని కాదు, బయటికి కనబడే చెమ్మని. సంపు నిండినా చెమ్మ వస్తుంది, సంపు గోడ పగిలినా వస్తుంది. హరి గారి అన్నకి వాల్వ్‌మ్యాన్ లేడు, అందుకే లారీలు 84 శాతం నిండి తిరిగాయి. లారీ పట్టనంత అయ్యాక ఇనుము ఎక్కడ పడితే అక్కడ ఒలుకుతుంది: లివర్, గుండె, పాంక్రియాస్, కీళ్లు.

ఫ్యాటీ లివర్‌లో కథ వేరు. పొట్ట చుట్టూ కొవ్వు, ఇన్సులిన్ పనిచేయకపోవడం, లోలోపల సన్నటి వాపు. ఇవి హెప్సిడిన్‌ని పెంచుతాయి, లివర్‌లో తలుపులు కూడా తగ్గుతాయి. ఇనుము కణాల్లోనే చిక్కుకుంటుంది. ఫెరిటిన్ పెరుగుతుంది, సాచురేషన్ మామూలుగానే ఉంటుంది. దీన్ని ఫ్రాన్స్‌లో రెన్ నగరం డాక్టర్లు 1997లోనే గుర్తించి రాశారు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి ఐరన్ పరీక్షల్లో ఇలాంటి తేడా కనిపిస్తుంది.

అలాగని చిక్కుకున్న ఇనుము ఊరికే ఉండదు. విడిగా ఉన్న ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది పక్కనున్న కొవ్వుని కాలుస్తుంది. కొవ్వు నిండిన లివర్‌లో కాలడానికి సరుకు బోలెడుంది. ఇనుము, కొవ్వు కలిసి కణాన్ని చంపే ఈ పద్ధతికి 2012లో ఫెర్రోప్టోసిస్ అని పేరు పెట్టారు. కణాలు చచ్చిన చోట మచ్చ కడుతుంది, అదే ఫైబ్రోసిస్.

---

అనంత_అక్క
జనవరి 19, మధ్యాహ్నం 3:30

సారు గారికి దండం. మా బాబుకి తలసీమియా మేజర్, తొమ్మిదేళ్లు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. ఒక్క బ్యాగుతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము వాడి ఒంట్లోకి వెళ్తుంది. పోయే దారి లేదని మీరు రాసిన మాట మా ఇంట్లో రోజూ అనుకునేదే. రోజూ పొద్దున మాత్ర నీళ్లలో కరిగించి తాగిస్తాను, అది ఇనుముని పట్టుకుని బయటికి తెస్తుంది. గ్లాసు అడుగున తెల్లగా మిగిలితే ఇంకో గుక్కెడు నీళ్లు పోసి అదీ తాగిస్తాను. ఏడాదికోసారి గుండెకి, లివర్‌కి ఎంఆర్ఐ.

వాసు తమ్ముడూ, నీ 612కీ మా వాడి ఇనుముకీ పోలిక లేదమ్మా. పడుకో ఈ రాత్రికి.

---

వంటిల్లు_వాణి
జనవరి 19, సాయంత్రం 5:12

వాసు గారూ, అందరూ మీ గురించే మాట్లాడుతున్నారు. నాకు ఒక సందేహం. ఇంట్లో ఐరన్ కనబడకుండా చేశామన్నారు. మీ ఆవిడ, పిల్లలు కూడా అదే తింటున్నారా?

---

వాసు_మార్తహళ్లి
జనవరి 19, సాయంత్రం 6:40

అవును వాణి గారూ, అందరికీ ఒకటే వంట. పాపకి ఏడు నెలలు. మా ఆవిడకి డెలివరీ తర్వాత ఐరన్ మాత్రలు రాశారు. నా రిపోర్టు చూశాక తనకీ లివర్ పాడవుతుందేమోనని మూడు వారాల నుంచి వేసుకోవడం మానేసింది.

---

గ్యాస్ట్రో_కర్నూలు
జనవరి 19, రాత్రి 9:25

నేను గ్యాస్ట్రో విభాగంలో డాక్టర్‌ని, కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ చదువుతున్నాను. ఇక్కడ రాసేది మీ డాక్టరు మాటకి బదులు కాదు. కానీ కింది విషయం రేపటిదాకా ఆగకూడదు.

వాసు గారూ, మీ ఆవిడ మాత్రలు వెంటనే మళ్లీ మొదలుపెట్టాలి. ఆమె డాక్టరుకి ఫోన్ చేసి మానేసిన సంగతి చెప్పండి, హిమోగ్లోబిన్ చూపించండి. మీ ఫెరిటిన్ అంటువ్యాధి కాదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాన్పు అయి, పాలిస్తున్న మనిషికి ఇనుము ఖాళీ అయి ఉండే అవకాశమే ఎక్కువ. పాపకి కూడా ఆరు నెలలు దాటాక తిండిలో ఇనుము అందాలి, ఇంట్లో ఎవరికీ గోంగూర మానిపించాల్సిన పని లేదు.

ఇక మీ సంగతి. మీరు చూసుకోవాల్సిన ప్రశ్న ఫెరిటిన్ ఎంత అని కాదు, లివర్‌లో మచ్చ ఎంత అని. దానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది. వయసుని ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్లని వేలల్లో రాసి, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటి దాన్ని రెండో దానితో భాగించండి. మీకు 38 ఇంటూ 48, కింద 240 ఇంటూ 8.7. సుమారు 0.87 వస్తుంది. 1.3 కంటే తక్కువ ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం బాగా తక్కువ. 65 దాటినవాళ్లకి ఈ గీత 2 అనుకోండి. అంకె 2.67 దాటితే మాత్రం ఆలస్యం చేయకుండా లివర్ డాక్టరుకి చూపించుకోవాలి.

ఫెరిటిన్‌ని తీసిపారేయమని కూడా అనను. నార్మల్ పైగీతకి ఒకటిన్నర రెట్లు దాటినవాళ్లలో ముదిరిన ఫైబ్రోసిస్ ఎక్కువని 2012లో అమెరికా అధ్యయనం ఒకటి చూపించింది. మీది సరిగ్గా అక్కడే ఉంది. సాచురేషన్ 45 శాతం దాటితే జన్యు సంబంధమైన వాటి కోసం వెతుకుతాం. ఫెరిటిన్ 1,000 దాటితే ఎలాగూ వదలం. మీరు సాచురేషన్ చేయించి రండి, తర్వాత మాట్లాడదాం.

---

రక్తదాత_రఘు
జనవరి 19, రాత్రి 10:01

డాక్టర్ గారూ, మరి రక్తం ఇస్తే చిక్కుకున్న ఇనుము తగ్గదా? తగ్గితే మంచిదేగా?

---

గ్యాస్ట్రో_కర్నూలు
జనవరి 19, రాత్రి 10:30

మంచి ప్రశ్న రఘు గారూ. అందరూ అలాగే అనుకున్నారు, అందుకే పరీక్షించి చూశారు. ఆస్ట్రేలియాలో ఫ్యాటీ లివర్ ఉన్న 74 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఆరు నెలలు రక్తం తీశారు. ఫెరిటిన్ దిగింది. లివర్‌లో కొవ్వు దిగలేదు, ఎంజైములు దిగలేదు, ఇన్సులిన్ పనితీరూ మారలేదు. 2015లో వచ్చిన ఫలితాలివి. ఫ్రాన్స్‌లోనూ ఇలాగే చేసి చూస్తే షుగర్ విషయంలో లాభం కనబడలేదు. హరి గారి అన్నకి రక్తం తీయడం ప్రాణం నిలిపే వైద్యం. వాసు గారికి అది అంకెని దించుతుంది, జబ్బుని కాదు.

మీ రక్తదానం గొప్ప పని, ఆపకండి. వాసు గారు కూడా రక్తనిధి డాక్టరు ఒప్పుకుంటే ఎవరికోసమో ఇవ్వొచ్చు. తన లివర్ కోసమని మాత్రం కాదు.

---

రక్తదాత_రఘు
జనవరి 19, రాత్రి 10:44

అర్థమైంది సార్. వాసు గారూ, నేను తొందరపడి చెప్పాను. ఏమనుకోకండి.

---

కోలారు_పెద్దాయన
జనవరి 20, ఉదయం 5:50

నాయనా, నేను కోలారులో ఉంటాను. బ్యాంకులో 36 ఏళ్లు చేసి రిటైరయ్యాను. 67 ఏళ్లు. 15 ఏళ్లుగా షుగర్. ఫ్యాటీ లివర్ అని ఎప్పుడో చెప్పారు, పట్టించుకోలేదు. ఫెరిటిన్ 430, సాచురేషన్ 38. ఇక్కడి డాక్టరు వయసుతో వచ్చేదే అన్నారు.

డాక్టరు బాబు రాసిన లెక్క నా పాత రిపోర్టు తీసి కాగితం మీద వేశాను. ఎస్‌జీఓటీ 52, ఎస్‌జీపీటీ 41, ప్లేట్‌లెట్లు 1.45 లక్షలు. పైన 3,484. కింద 145 ఇంటూ 6.4 అంటే 928. భాగిస్తే 3.75 వస్తోంది. రెండుసార్లు వేశాను, అంతే వచ్చింది. లెక్క ఎక్కడైనా తప్పానా?

---

గ్యాస్ట్రో_కర్నూలు
జనవరి 20, ఉదయం 6:35

లెక్క తప్పలేదు సార్. మీ రిపోర్టులోని ఎంజైములు చూస్తే ఎవరైనా కొంచెమే పెరిగాయి అంటారు. కానీ ఎస్‌జీపీటీ కంటే ఎస్‌జీఓటీ ఎక్కువుంది, ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి, షుగర్ పాతది. ఈ మూడూ కలిస్తే మేం ఆగుతాం. ఈ వారంలోనే ఫైబ్రోస్కాన్ చేయించుకోండి. నొప్పి ఉండదు, పక్కటెముకల మధ్య ఒక పరికరం ఆనించి లివర్ ఎంత గట్టిపడిందో చూస్తారు, పది నిమిషాల పని. మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకండి.

రోజూ ఏమేం మందులు వేసుకుంటారో, టానిక్‌లతో సహా రాయండి.

---

కోలారు_పెద్దాయన
జనవరి 20, ఉదయం 7:15

షుగర్ మాత్ర, బీపీ మాత్ర. మా అమ్మాయి బలానికని ఒక టానిక్ కొనిస్తుంది, ఆరేళ్లుగా రాత్రిపూట రెండు చెంచాలు. సీసా మీద ఐరన్ అని ఉంది. నా హిమోగ్లోబిన్ 14.8.

---

గ్యాస్ట్రో_కర్నూలు
జనవరి 20, ఉదయం 7:22

ఆ టానిక్ ఈ రోజు నుంచి వద్దు సార్. ఐరన్ లోటు ఉందని పరీక్షలో తేలనివాళ్లకి ఐరన్ అవసరం లేదు. ప్రేమతోనే ఇచ్చారు, అమ్మాయిగారిని ఏమీ అనకండి.

---

హెచ్‌ఎస్‌ఆర్_కిరణ్
జనవరి 20, ఉదయం 11:40

ఇది చదివి నా సంగతి చెప్పాలనిపించింది. నా ఫెరిటిన్ 780 ఉండేది. శుక్ర, శని, ఆదివారాలు తాగేవాడిని. వీకెండే కదా అనుకునేవాడిని. డాక్టరు ముందు మందు ఆపమన్నారు, వేరే ఏమీ చేయలేదు. రెండున్నర నెలల్లో 310 అయింది. మందు హెప్సిడిన్‌ని తగ్గిస్తుందని, పేగు ఇనుముని ఎక్కువ పీల్చుకుంటుందని అప్పుడు తెలిసింది. ఎంత తాగుతారో డాక్టరు దగ్గర ఉన్నదున్నట్టు చెప్పండి. నేను మొదటిసారి సగమే చెప్పాను, దాంతో ఆరు నెలలు వృథా అయ్యాయి.

---

వాసు_మార్తహళ్లి
జనవరి 22, రాత్రి 8:15

రిపోర్టులు వచ్చాయి. సీరం ఐరన్ 98, టీఐబీసీ 320, సాచురేషన్ 31 శాతం. లక్ష్మి గారు చెప్పినట్టే పరగడుపున ఇచ్చాను.

మా ఆవిడది కూడా చేయించాం. హిమోగ్లోబిన్ 9.1, ఫెరిటిన్ 7. రెండు రిపోర్టులూ డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాం. ఒకే ఇంట్లో, ఒకే అన్నం తింటూ, నాది 612, తనది 7. మెట్లెక్కితే ఆయాసమొస్తోందని రెండు వారాల నుంచి అంటూనే ఉంది. పాపతో నిద్ర లేక అనుకున్నాను. నా భయంలో పడి తనని చూడలేదు. వాణి గారూ, ఆ ఒక్క ప్రశ్న మీరు అడగకపోతే ఇంకెన్నాళ్లు అలా ఉండేదో.

---

బయోకెమ్_సారు
జనవరి 22, రాత్రి 9:00

31 శాతం అంటే మీ లారీలు మామూలుగానే తిరుగుతున్నాయి వాసు గారూ. మీ ఇంట్లో వాల్వ్‌మ్యాన్ ఉన్నాడు, పని కూడా చేస్తున్నాడు. కొవ్వు అతణ్ని తికమక పెడుతోంది.

మీ ఆవిడకి మాత్ర ఇచ్చేటప్పుడు టీ, కాఫీ, పాలు దగ్గరుండకూడదు. టీలోని టానిన్లు, పాలలోని కాల్షియం ఇనుముని పేగులోకి పోనివ్వవు. నిమ్మరసంతో వేసుకోమనండి. అటక మీది మూకుడు దించండి, తోటకూర పులుసు అందులోనే పెట్టండి. మీరు కూడా తినొచ్చు. ఆకుకూరలోని ఇనుము శరీరం కొద్దిగానే తీసుకుంటుంది. మాంసంలోది సులువుగా ఎక్కుతుంది కాబట్టి మీరు మటన్ తగ్గిస్తే చాలు.

---

గ్యాస్ట్రో_కర్నూలు
జనవరి 22, రాత్రి 9:50

సార్ చెప్పిందే. వాసు గారూ, మీకు వైద్యం బరువు తగ్గడమే. 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 శాతంతో వాపు తగ్గుతుంది, 10 శాతం తగ్గితే మచ్చ కూడా వెనక్కి రావచ్చు. మీకు 7 శాతం అంటే 6 కిలోలు. సీసాల్లోని జ్యూసులు, కూల్‌డ్రింకులు, బేకరీ తిండి పూర్తిగా మానండి. రాత్రి 11కి ఆర్డర్ పెట్టే బిర్యానీ కూడా. ఫిల్టర్ కాఫీ తాగండి, చక్కెర లేకుండా. కాఫీ తాగేవాళ్లలో లివర్ మచ్చ తక్కువని చాలా అధ్యయనాల్లో కనబడింది. మూడు నెలలకి ఫెరిటిన్ మళ్లీ చూద్దాం. దిగకపోతే ఎంఆర్ఐలో లివర్ ఇనుము కొలిపిద్దాం.

---

కోలారు_పెద్దాయన
జనవరి 29, సాయంత్రం 4:05

ఫైబ్రోస్కాన్ అయింది. 13.8 వచ్చింది. బాగా ముదిరిన ఫైబ్రోసిస్, సిర్రోసిస్ అంచున ఉన్నట్టు అన్నారు. ఎండోస్కోపీ చేశారు, అన్నవాహికలో నరాలు ఉబ్బలేదట. ఇకపై ఆరు నెలలకోసారి లివర్ స్కాన్ తప్పనిసరి, గడ్డలేమైనా వస్తే చిన్నగా ఉన్నప్పుడే దొరకాలని.

బెంగళూరు డాక్టరు గారు అడిగారు, "ఏ నొప్పీ లేకుండా ఎలా వచ్చారు?" అని. మా వాళ్ల గ్రూపులో ఒక లెక్క చెప్పారని చెప్పాను.

---

అనంత_అక్క
జనవరి 29, సాయంత్రం 4:40

బాబాయ్ గారూ, టైముకి తెలిసింది. ధైర్యంగా ఉండండి. స్కాన్ తేదీలు క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి, మేం అలాగే చేస్తాం.

---

వాసు_మార్తహళ్లి
2025 ఆగస్టు 24, ఆదివారం, ఉదయం 8:30

ఏడు నెలలు అయింది, అందరికీ చెప్పాలని వచ్చాను. బరువు 86 నుంచి 79. ఏప్రిల్‌లో ఫెరిటిన్ 470, మొన్న 340. ఎస్‌జీపీటీ 38. ఎంఆర్ఐ అవసరం పడలేదు. ఆఫీసు క్యాబ్ మానేసి సగం దారి నడుస్తున్నాను. మొదటి నెల ఒక్క కిలో కూడా తగ్గలేదు, వదిలేద్దామనుకున్నాను. మా ఆవిడ రాత్రి వంట ఏడున్నరకే ముగించేయడం మొదలుపెట్టాక కదిలింది.

తన హిమోగ్లోబిన్ 12.3. మూకుడు అటక మీంచి దిగింది. తుప్పు పట్టి ఉంటే చింతపండుతో తోమి, నూనె రాసి రెండు రోజులు కాచాం. పాప ఇప్పుడు అందులో వండిన తోటకూర పప్పు తింటోంది.

---

కోలారు_పెద్దాయన
ఆగస్టు 24, ఉదయం 9:10

సంతోషం నాయనా. నాకు జూలైలో చేసిన స్కాన్‌లో గడ్డలేమీ లేవు. షుగర్ మందు మార్చారు, 5 కిలోలు తగ్గాను. ఫైబ్రోస్కాన్ మళ్లీ వచ్చే నెల చేస్తారట. మా అమ్మాయికి ఆఫీసు ఉంది, నేనే బస్సులో వస్తాను.

---

వాసు_మార్తహళ్లి
ఆగస్టు 24, ఉదయం 9:14

ఒక్కరే వద్దు సార్. టిన్ ఫ్యాక్టరీ దగ్గర దిగండి, నేను బండి తీసుకుని వస్తాను. తేదీ చెప్పండి చాలు. మూడు గంటల ముందు ఏమీ తినకూడదు కదా, స్కాన్ అయ్యాక మా ఇంటికి వచ్చి భోంచేసి వెళ్లండి.